ముందు డ్రైవరు, ఆ తర్వాతే లారీ

పెనుగొండ దగ్గర సొంత ఊరు, హైదరాబాదులో ఉద్యోగం, చేతిలో 12 లక్షల రూపాయలు ఉన్నాయని, మిగతాది ఫైనాన్సు తీసుకుని పది టైర్ల లారీ కొని జీతానికి డ్రైవరును పెట్టి, ఊళ్లో ఉన్న మీ చిన్నాన్నగారి అబ్బాయి పైపైన చూసుకుంటూ ఉంటే కిస్తీ పోను నెలకు 40 వేలు మిగులుతాయా అని మీరు అడిగారు. నేను తణుకు ప్రాంతంలో ఇరవై ఆరేళ్లుగా లారీలు తిప్పుతున్నాను. ఒక దశలో నాలుగు బళ్లు ఉండేవి, ఇప్పుడు రెండే ఉన్నాయి. మీరు చెప్పిన పద్ధతిలో కిస్తీలు తీరేదాకా ఆ 40 వేలు మిగలవన్నది నా జవాబు. అలాగని ఈ వ్యాపారం చెడ్డదని నేను అనను. మీరు ముందు లారీ కొని తర్వాత డ్రైవరును వెతుకుదామనుకుంటున్నారు, నేను దాన్ని తిరగేయమంటున్నాను.

మొదట లెక్క చూద్దాం. ఇందులోని అంకెలు ఉదాహరణకు వేసినవే. కిరాయిలు వారం వారం మారుతుంటాయి కనుక మీరు కొనే నాటికి మళ్లీ వేసుకోవాలి. పది టైర్ల ఛాసిస్ (ఇంజను, చక్రాలున్న అడుగు చట్రం) కొని, విజయవాడ ఆటోనగర్‌లో బాడీ కట్టించి, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్సు, పర్మిట్టు, పరదాలు, తాళ్లతో సహా బండి రోడ్డెక్కేసరికి 40 లక్షలు అయిందనుకుందాం. 2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు రవాణా వాహనాల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది కనుక కొత్త బండి ధర మునుపటికంటే కొంత దిగిన మాట నిజమే. మీరు 10 లక్షలు పెట్టి 30 లక్షలు అప్పు తీసుకుంటే, తరిగే అసలు మీద 10.5 శాతం వడ్డీతో 60 నెలలకు కిస్తీ నెలకు సుమారు 64,500 రూపాయలు పడుతుంది. కొందరు ఫైనాన్సు ఏజెంట్లు "మాది 7 శాతమే" అని చెబుతారు, కాని అది ఫ్లాట్ వడ్డీ. 30 లక్షల మీద ఐదేళ్లకు 10.5 లక్షల వడ్డీ కలిపి 60తో భాగిస్తే కిస్తీ 67,500 వస్తుంది, తరిగే అసలు మీద లెక్కిస్తే అది 12.5 శాతం వడ్డీతో సమానం. శాతం సంగతి వదిలేసి కిస్తీ ఎంత, ఎన్ని నెలలు అని మాత్రమే అడగండి. మీ దగ్గరున్న 12 లక్షలూ బండిలోనే పోసేయకుండా కనీసం 2 లక్షలు తిరగడానికి ఉంచుకోండి, లేకపోతే మొదటి ట్రిప్పు డీజిలుకే చేబదులు తేవలసి వస్తుంది.

ఇప్పుడు ఒక ట్రిప్పు తీసుకుందాం. పాలకొల్లులో కొబ్బరికాయలు ఎక్కించి మహారాష్ట్ర వెళ్లి, అక్కడి నుంచి ఉల్లిపాయలు వేసుకుని తాడేపల్లిగూడెం మార్కెట్టుకు రావడం మన డెల్టా లారీలకు బాగా అలవాటైన దారి. రానుపోను 2,000 కిలోమీటర్లు అనుకోండి. పోయేటప్పుడు కిరాయి 62 వేలు, వచ్చేటప్పుడు 45 వేలు, మొత్తం 1,07,000 వచ్చిందనుకుందాం. లీటరుకు నాలుగుంపావు కిలోమీటర్లు ఇస్తే 470 లీటర్ల డీజిలు పడుతుంది, దారిలోని రాష్ట్రాల ధరలన్నీ కలిపి సగటున 95 రూపాయలు వేసుకుంటే దాదాపు 45 వేలు. బీఎస్6 కాలుష్య ప్రమాణాల బండి కనుక పొగను శుద్ధి చేసే యూరియా ద్రావణానికి 1,400, టోల్‌గేట్లకు 10 వేలు, డ్రైవరు, క్లీనర్ల బత్తా 5 వేలు, రెండు వైపులా బుకింగ్ ఆఫీసుల కమీషను 4 వేలు, కాటా, పరదా కట్టుకూలి, హమాలీల టీ ఖర్చు, దారి మామూళ్లు అన్నీ కలిపి 3,500 వేసుకుంటే ఖర్చు 69 వేల దగ్గర తేలి, ట్రిప్పుకు 38 వేలు మిగులుతాయి. నెలకు మూడు ట్రిప్పులు పడితే 1,14,000.

ఈ 1,14,000లోంచి కిస్తీ 64,500, డ్రైవరు జీతం 22 వేలు, టైర్ల అరుగుదల కింద 12 వేలు, ఇన్సూరెన్సుకు నెలసరి వాటా 7 వేలు, ట్యాక్సు, పర్మిట్టు, ఫిట్‌నెస్‌లకు మూడున్నర వేలు, సర్వీసుకు, రిపేర్లకు 8 వేలు తీసేయండి. మొత్తం 1,17,000 అవుతుంది. అంటే ప్రతి ట్రిప్పుకూ తిరుగు లోడు దొరికి, బండి ఎక్కడా ఆగకుండా నెలంతా తిరిగినా 3 వేలు తక్కువే పడుతుంది. వచ్చేటప్పుడు ఒక్కసారి ఖాళీగా వచ్చినా, లోడు కోసం ఒక్క చోట నాలుగు రోజులు పడి ఉన్నా ఆ నెల కిస్తీలో సగం జేబులోంచి కట్టాలి. ఇదే లెక్కలో బండిని స్వయంగా నడుపుకునే ఓనరుకు జీతం 22 వేలు ఇంట్లోనే ఉంటుంది, మైలేజీ బాగుంటుంది, టైర్లు ఎక్కువ కాలం వస్తాయి. డెల్టాలో ఒంటి లారీ ఓనర్లలో నిలదొక్కుకున్నవారిలో ఎక్కువమంది ఒకప్పటి డ్రైవర్లే కావడానికి కారణం అదే. కిస్తీలు తీరిన ఆరో ఏటి నుంచి ఇదే బండి నెలకు 50, 60 వేలు మిగల్చగలదు, కాని ఆ ఆరో ఏటికి బండి ఏ స్థితిలో చేరుతుందన్నది మళ్లీ డ్రైవరు చేతిలోని పనే.

లోడుల విషయంలో మన ప్రాంతానికి కరువు లేదు. అంబాజీపేట, పాలకొల్లు కొబ్బరి, రావులపాలెం అరటి, కడియం నర్సరీ మొక్కలు, తణుకు, అనపర్తి కోడిగుడ్లు, మండపేట మిల్లుల బియ్యం, భీమవరం, ఆకివీడు, కైకలూరు చేపలు, రొయ్యలు ఏడాది పొడుగునా ఏదో ఒకటి కదులుతూనే ఉంటాయి. అయితే ఒక్కొక్క సరుకుకు ఒక్కొక్క గుణం ఉంటుంది. చేపల లోడుకు కిరాయి బాగుంటుంది, కాని ఐసు కరిగేలోపు హౌరా చేరాలి. ఉప్పునీరు కారి ఛాసిస్‌ను, కమాను కట్టలను (స్ప్రింగులను) తినేస్తుంది కాబట్టి తిరిగి వచ్చిన ప్రతిసారీ అడుగుభాగం మంచినీళ్లతో కడిగించాలి. చాలా ఏళ్ల కిందట నా బండి ఒడిశాలో క్లచ్ ప్లేటు పోయి పద్నాలుగు గంటలు ఆగితే, సరుకు దిగిన చోట వ్యాపారి కిరాయిలో సగానికి పైగా కోసేశాడు. ఆ కోతను వాదించి గెలిచే మార్గం నాకు కనిపించలేదు. బియ్యం లోడులో అలాంటి తొందర ఉండదు, కాని అది ప్రభుత్వ నిర్ణయాల మీద ఆధారపడుతుంది. 2023 జూలై 20న కేంద్రం బాస్మతేతర తెల్లబియ్యం ఎగుమతిని నిషేధించి, 2024 సెప్టెంబరు 28న ఎత్తివేసింది. ఆ మధ్యకాలంలో కాకినాడ పోర్టు ట్రిప్పులనే నమ్ముకున్న బళ్ల కిస్తీలు ఎలా గడిచాయో నేను కళ్లారా చూశాను. అందువల్ల ఒక్క సరుకును నమ్ముకుని బండి కొనడం మంచిది కాదు, అలాగని ఏ సరుకూ అనుకోకుండా కొనడం అంతకంటే చెడ్డది. కొనే ముందే ఇద్దరు ముగ్గురు వ్యాపారులతోనో, ఒక నమ్మకమైన బుకింగ్ ఆఫీసుతోనో మాట్లాడుకుని నెలకు ఇన్ని లోడులు ఇస్తామన్న మాట తీసుకోవాలి. కిరాయిలో అడ్వాన్సు పోను మిగిలే బాలెన్సు ఎన్నాళ్లకు ఇస్తారో కూడా అప్పుడే అడగాలి. నా బాకీలలో రానివన్నీ ఆ బాలెన్సులే.

ఎక్కువ సరుకు వేస్తే లెక్క సరిపోతుందని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. 2018 జూలైలో యాక్సిల్ బరువుల పరిమితి పెంచి పది టైర్ల బండికి మొత్తం బరువును (బండి, సరుకు కలిపి) 25 నుంచి 28.5 టన్నులు చేశారు. దానికి మించితే 2019 సవరణ చట్టం ప్రకారం 20 వేల రూపాయల జరిమానా, ఆపైన అదనపు టన్నుకు 2 వేలు పడుతుంది, ఎక్కువైన సరుకు దించేదాకా బండిని కదలనివ్వరు. నాలుగు టన్నులు ఎక్కువ వేసి పట్టుబడిన ఒక్కసారికి 28 వేలు పోతాయి, అది ఒక ట్రిప్పు మిగులులో దాదాపు ముప్పాతిక వంతు.

ఇక డ్రైవరు. నెలకు బండి 6,000 కిలోమీటర్లు తిరిగితే, లీటరుకు నాలుగుంపావు ఇచ్చే డ్రైవరుకూ నాలుగే ఇచ్చే డ్రైవరుకూ మధ్య 88 లీటర్ల తేడా వస్తుంది, డబ్బులో ఎనిమిది వేల పైచిలుకు. ఆ తేడా డీజిలు అమ్ముకోవడం వల్లనే రావాలని లేదు. గేర్లు ఆలస్యంగా మార్చడం, గాలి తక్కువ టైర్లతో నడపడం, ఆగిన చోట ఇంజను ఆపకపోవడం వల్ల కూడా వస్తుంది. కాబట్టి మైలేజీ తగ్గగానే దొంగతనం అంటగట్టకుండా, ట్యాంకు నిండుగా కొట్టించి బయలుదేరి, తిరిగి వచ్చాక మళ్లీ నిండుగా కొట్టించి, ఎన్ని లీటర్లు పట్టిందో చూసి, లోడుతో ఒక లెక్క, ఖాళీకి ఒక లెక్క రాసుకోండి. మూడు నెలల లెక్క చేతిలో ఉంటే డ్రైవరుతో మాట్లాడటానికి ఒక ఆధారం ఉంటుంది, అతనికీ మీరు ఊరికే అనడం లేదని తెలుస్తుంది. అమలాపురం మీదుగా కాకినాడ వెళ్లే బండి యానాంలో ట్యాంకు నింపుకుంటే మన రాష్ట్రపు ధరతో పోలిస్తే కలిసి వస్తుంది, కాని పది లీటర్ల లాభం కోసం ముప్ఫై కిలోమీటర్లు చుట్టు తిరిగిన బళ్లను కూడా నేను ఎరుగుదును.

జీతం ఇచ్చే పద్ధతులు మన దగ్గర మూడు రకాలు నడుస్తున్నాయి. నెల జీతంతో పాటు రోజు బత్తా ఇవ్వడం మొదటిది, ట్రిప్పుకు ఇంత అని మాట్లాడుకోవడం రెండవది, డీజిలు, టోలు, దారి ఖర్చులు పోను మిగిలిన దాంట్లో వాటా ఇవ్వడం మూడవది. దూరంగా ఉండే ఓనరుకు నేను మూడవదాన్నే సూచిస్తాను, కాకపోతే దానికి కింద ఒక కనీస జీతం ఉండాలి. లోడు దొరకని నెలలో డ్రైవరు ఇల్లు గడవకపోతే అతను వేరే బండి ఎక్కుతాడు, ఆ తర్వాత మీ లారీ రోడ్డు పక్కన నిలబడి కిస్తీ అడుగుతూ ఉంటుంది. పూర్తిగా ట్రిప్పు లెక్కన ఇస్తే నిద్ర మానుకుని నడుపుతారు. 2025 నవంబరులో కొత్త కార్మిక స్మృతులు వచ్చేదాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పని అని చెప్పేది. అది ఐదుగురు, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే సంస్థలకు వర్తించేది కనుక ఒంటి లారీ ఓనరును ఎవరూ అడిగేవారు కాదు. అయినా తెల్లవారుజామున రెండు నుంచి ఐదు మధ్య బండి ఆగి ఉండాలని నేను నా డ్రైవర్లకు షరతు పెడతాను, దానివల్ల సరుకు ఆలస్యమైతే వ్యాపారితో నేనే మాట్లాడతాను.

చేరేటప్పుడు డ్రైవరు అడ్వాన్సు అడగడం ఈ పనిలో మామూలు. పాత ఓనరు బాకీ తీర్చుకుని మీ దగ్గరికి వస్తానంటాడు. ఒక నెల జీతానికి మించి ఇవ్వకండి. అంతకంటే ఎక్కువ ఇస్తే అతన్ని మానిపించే స్వేచ్ఛ మీకు పోతుంది, మానుకునే స్వేచ్ఛ అతనికి పోతుంది. అదే సమయంలో ఆ పాత ఓనరుకు తప్పకుండా ఫోను చేయండి. "మంచివాడేనా" అని అడిగితే అందరూ మంచివాడే అంటారు. "ఎన్ని నెలలు చేశాడు, టైర్లు ఎంత దూరం వచ్చాయి, సరుకు తక్కువ వచ్చిందని ఎప్పుడైనా కోత పడిందా" అని అడగండి. టైర్ల మీది నంబర్లు పుస్తకంలో రాసుకుని నెలకోసారి సరిచూడండి. కొత్త టైరు చోట అరిగిన టైరు కనిపించే విద్య ఈ రోడ్డు మీద కొత్తది కాదు.

లైసెన్సు సంగతి మాత్రం నా అనుభవంతో చెప్పాలి. నా దగ్గర ఎనిమిదేళ్లు చేసిన నమ్మకమైన డ్రైవరు ఒకరు లైసెన్సు గడువు దాటిన సంగతి మరచిపోయారు, నేనూ చూడలేదు. సరిగ్గా లైసెన్సు చెల్లని ఆ రోజుల్లోనే మా బండి కింద ఒక సైకిలు మనిషి ప్రాణం పోయింది. డ్రైవరుకు చెల్లుబాటయ్యే లైసెన్సు లేనప్పుడు ఇన్సూరెన్సు కంపెనీ బాధితులకు పరిహారం చెల్లించి, ఓనరు వైపు నిర్లక్ష్యం ఉంటే ఆ మొత్తాన్ని ఓనరు దగ్గర వసూలు చేసుకోవచ్చని 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నా విషయంలో అదే జరిగి, ఆ డబ్బు కట్టడానికి ఒక బండి అమ్మవలసి వచ్చింది. ఆ కుటుంబానికి పరిహారం అందిందన్నది ఒక్కటే నాకు ఊరట. రవాణా వాహనాల లైసెన్సు ఐదేళ్లకే ఉంటుంది. కాబట్టి చేర్చుకునే రోజే కేంద్ర రవాణా శాఖ పరివాహన్ వెబ్‌సైటులో నంబరు కొట్టి, భారీ వాహనాలకు చెల్లుతుందా, గడువు ఎప్పటి వరకు అన్నది చూసి, ఆ తేదీని మీ ఫోనులో అలారంగా పెట్టుకోండి. డ్రైవరుకో, క్లీనరుకో పనిలో ప్రమాదం జరిగితే చట్టప్రకారం పరిహారం బాధ్యత మీదే అవుతుంది. ఇన్సూరెన్సు తీసుకునేటప్పుడు జీతగాళ్లిద్దరికీ వర్తించేలా చిన్న అదనపు ప్రీమియం కట్టి పాలసీలో రాయించండి. థర్డ్ పార్టీ ప్రీమియమే ఏటా 40 వేలు దాటే బండికి ఆ కాస్త మొత్తం దగ్గర పొదుపు చేసేవారిని నేను చూశాను.

కొందరు ఈ బెడద అంతా ఎందుకని డ్రైవరుకే బండిని నెలకు ఇంత అని లీజుకిచ్చి కాగితం రాయించుకుంటారు. ప్రమాదం జరిగిన రోజున ఆ కాగితం మిమ్మల్ని కాపాడుతుందని నమ్ముకోకండి. బండి అమ్మేసినా ఆర్సీ మారకపోతే అందులో పేరున్నవారే ఓనరు అని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. పాత బండి కొన్నా, అమ్మినా ఆర్సీ బదిలీ పూర్తయ్యేదాకా నిద్రపోవద్దనడానికి కూడా ఇదే కారణం.

ఆదాయపు పన్నుకు పెద్ద చిక్కులేదు. పది, అంతకంటే తక్కువ బళ్లు ఉన్నవారికి లెక్కల పుస్తకాలు అవసరం లేకుండా, 12 టన్నులు దాటిన బండికి మొత్తం బరువులో టన్నుకు నెలకు వెయ్యి చొప్పున ఆదాయంగా చూపే పద్ధతి ఉంది. పాత చట్టంలో అది 44ఏఈ సెక్షను. మీ బండికి ఏడాదికి 3,42,000 అవుతుంది. మీకు జీతం కూడా ఉంది కనుక, అసలు మిగులు లేని ఏడాదిలో ఈ మొత్తం మీద పన్ను కట్టడం మేలా, పుస్తకాలు రాయించి నిజమైన లెక్క చూపడం మేలా అన్నది ఆడిటరును అడిగి తేల్చుకోండి.

చిన్నాన్నగారి అబ్బాయి "పైపైన" చూసుకుంటాడన్న మాట దగ్గర నాకు అనుమానం వచ్చింది. లారీకి పైపైన చూడటం అనేది ఉండదు. రాత్రి పదకొండింటికి షోలాపూర్ దాటాక టైరు పగిలిందని ఫోను వస్తే ఎవరు ఎత్తాలి, ఎవరు డబ్బు పంపాలి, ఎవరు ఆఫీసు వాళ్లతో మాట్లాడి తిరుగు లోడు పట్టాలి అన్నది ముందే తేలాలి. అతనికి నెలకు ఇంత అని ఇవ్వండి, లేదా మిగులులో వాటా ఇవ్వండి. బంధుత్వం మీద చేయించుకున్న పని ఆరు నెలలకు పలచబడుతుంది, ఆ తర్వాత పెళ్లిళ్లలో పలకరింపులు కూడా పలచబడతాయి. ఫాస్టాగ్‌ను, ఆర్సీని మాత్రం మీ ఫోను నంబరుకే కలపండి. టోలు దాటిన ప్రతిసారీ వచ్చే సందేశమే బండి ఎక్కడుందో చెబుతుంది, జరిమానాల చలానాలు కూడా మీకే తెలుస్తాయి.

మీ స్థానంలో నేను ఉంటే ఈ 12 లక్షలతో పది టైర్ల కొత్త బండి జోలికి ఇప్పుడు వెళ్లను. నాలుగైదేళ్లు తిరిగిన చిన్న ఐచర్ లాంటి బండిని, మొత్తం బరువు 7,500 కిలోల లోపు ఉన్నదాన్ని, అప్పు లేకుండానో చాలా కొద్ది అప్పుతోనో కొని డెల్టా లోపలే తిప్పుతాను. రొయ్యల మేత చెరువుల దగ్గరకు చేర్చడం, సార్వా (ఖరీఫ్), దాళ్వా (రబీ) కోతల్లో ధాన్యం మిల్లులకు తోలడం, కొబ్బరి, అరటి మార్కెట్లకు దింపడం వంటి పనులు దానికి ఉంటాయి. ఇంత బరువు బండిని లైట్ మోటారు వాహనాల లైసెన్సుతోనే నడపవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పి, 2024 నవంబరులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని ఖాయం చేసింది కనుక డ్రైవర్లు కూడా సులువుగా దొరుకుతారు. మిగులు తక్కువే ఉంటుంది. కాని సాయంత్రానికి బండి ఇంటికి వస్తుంది, మీ తమ్ముడు దాన్ని కళ్లతో చూడగలుగుతాడు. పాతది కొనేటప్పుడు ఎనిమిదేళ్ల లోపు వయసున్నదే చూసుకోండి, అది దాటితే ఫిట్‌నెస్ రెండేళ్లకోసారి కాక ఏటా చేయించాలి. నరసాపురం, అంతర్వేది వైపు తీరంలో తిరిగిన బండి అయితే మెకానిక్కును అడుగు భాగంలోకి దూరమని చెప్పి తుప్పు చూపించుకోండి, పైన కొట్టిన రంగు చూసి మోసపోకండి.

పది టైర్లదే కావాలని మీ మనసు గట్టిగా ఉంటే, ముందు ఒక డ్రైవరును ఎంచుకోండి. మీ ఊళ్లో తెలిసిన డ్రైవరు ఉన్నారని రాశారు కదా, ఆయన ఇప్పుడు నడుపుతున్న బండిలో, ఆ ఓనరు అనుమతితో, ఒక్క ట్రిప్పు మీరూ వెళ్లి రండి. పోయి రావడానికి తొమ్మిది పది రోజులు పడుతుంది. ఆయన ఎక్కడ ఆగుతున్నారు, ఎన్నింటికి పడుకుంటున్నారు, లోడు కోసం ఎన్ని గంటలు ఎదురుచూస్తున్నారు, ఎవరికి ఎంత ఇస్తున్నారు అన్నది మీ చేత్తో రాసుకుని, నేను పైన వేసిన లెక్కలో నా అంకెలు తీసేసి మీరు చూసిన అంకెలు వేసుకోండి. ఏ కంపెనీ బండి మైలేజీ ఇస్తుంది, ఏ బండికి దారి పొడుగునా స్పేర్ పార్టులు దొరుకుతాయి అన్న ప్రశ్నకు షోరూములో కంటే ఆ కేబినులోనే నమ్మదగిన జవాబు దొరుకుతుంది. ఆయన మీ బండి ఎక్కడానికి ఒప్పుకుంటే ఛాసిస్ ఎంపిక కూడా ఆయనను వెంటబెట్టుకుని చేయండి. కొనడం మాత్రం సార్వా కోతలకు నెలరోజుల ముందు, అంటే అక్టోబరులో పెట్టుకుంటే, మొదటి నాలుగు కిస్తీల కాలం లోడులు బాగా ఉండే నెలల్లో పడుతుంది.